నిండుగా ఉన్న సాయం పెట్టె

మా ఆసుపత్రిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు నా గురించి ఒక కథ చెబుతున్నారని ఈమధ్యే తెలిసింది. ఒడిశాలో గుణుపురం దగ్గరి ఆ చిన్న ఆసుపత్రిలో పాతికేళ్ళు జీతాల గుమాస్తాగా పనిచేసి, నడుము సహకరించక, యాభై దాటగానే ముందుగా విరమించుకున్నవాణ్ణి నేను. ఆ కథ ప్రకారం, సిబ్బందిని కష్టకాలంలో ఆదుకునే సాయం పెట్టెను నేనే స్థాపించాను. ఫోను అప్పుల్లో చిక్కుకున్న ఒక నర్సును ఆ పెట్టెతో నేనే గట్టెక్కించాను. నా వీడ్కోలు సభలో కూడా ఈ మాటలే చెప్పి కొట్పాడ్ నేత శాలువా కప్పారు. నేను దండం పెట్టి కూర్చున్నాను. అప్పుడే లేచి కాదనాల్సింది. అనలేదు.

ఉద్యోగంలో చేరి, చేతికొచ్చిన జీతాన్ని మంచి రోజుల్లోనూ చెడ్డ రోజుల్లోనూ ఎలా సాగదీయాలా అని చూస్తున్న మీకోసం ఆ కథను దిద్ది చెబుతున్నాను. ఇందులో గర్వపడాల్సింది చాలా ఉంది. ఆ గర్వంలో నా వాటా మీరు విన్నంత లేదు.

పెట్టెకు ముందు బియ్యం డబ్బా ఉండేది. మా చర్చి ఇళ్ళలో ఆడవాళ్ళు అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పోస్తారు. అది దేవుడి పిడికెడు. ఆదివారం చర్చికి చేరుతుంది, అక్కడి నుంచి లేనివాళ్ళకు వెళుతుంది. మా ఆసుపత్రి మెస్సులో వండే ఆమె ఈ అలవాటును ఆ వంటింట్లోకి తెచ్చింది. పాలకొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. పెద్ద డాక్టరు నుంచి వాచ్‌మన్ దాకా అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. పూటపూటా మా వాటాలోంచి పిడికెడు తీసి తలుపు వెనక డబ్బాలో పోసేది. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలని ఆయాలు, స్వీపర్లు సంచి తెచ్చుకుని తామే నింపుకునేవారు. వాళ్ళు వచ్చినప్పుడు పెద్దమ్మ అటు తిరిగి పొయ్యి చూసుకునేది. ఎవరొచ్చారో ఆమెకు తెలియక కాదు. చూడనట్టు ఉండడం కూడా వడ్డనలో భాగమే అన్నట్టు ఉండేది.

నేను చేరాక అది చూసి ముచ్చటపడి, బియ్యంతో పాటు డబ్బు కూడా ఉంటే బాగుంటుందన్నాను. జీతం రోజున తలా కొంత వేయాలనుకున్నాం. బజారులో ఇనప పెట్టె కొన్నది నేనే. కథలో నా గురించిన నిజం అక్కడికి సరి.

మొదట్లో బాగానే నడిచింది. తర్వాత ల్యాబులో పనిచేసే ఒకతను తల్లికి ఆపరేషనని చెప్పి డబ్బు తీసుకుని మోటారుసైకిలు కొన్నాడు. ఆ తల్లి అదే బండి మీద వెనక కూర్చుని మార్కెట్టుకొచ్చి, నిక్షేపంగా, మా అందరికీ కనబడింది. ఆ మంటలో నేనొక రూలు పెట్టాను. సాయం కావలసినవాళ్ళు నెలలో మొదటి శనివారం, డ్యూటీలు మారే వేళ, మెస్సు హాల్లో నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి కారణం చెప్పాలి. రుజువుగా ఏదో ఒక బిల్లు చూపించాలి. అందరూ చేతులెత్తి ఒప్పుకోవాలి.

“నిలబెట్టి అడిగితే ఆకలని ఎవులు సెప్తారు బాబూ?” అంది పెద్దమ్మ.

“బియ్యం వేరు, డబ్బు వేరు పెద్దమ్మా” అన్నాను.

 బియ్యం డబ్బాను మాత్రం ఆమె నా రూలు కిందికి రానివ్వలేదు.

రూలు పెట్టాక దొంగ కారణాలు ఆగిపోయాయి. నిజమైన కారణాలు కూడా ఆగిపోయాయని నేను గమనించలేదు. పెట్టె నిండుతూ పోయింది. నిండినప్పుడల్లా బ్యాంకులో వేసేవాణ్ణి. అడిగేవాళ్ళు తగ్గారంటే అందరి ఇళ్ళూ కుదుటపడ్డాయని, నా మాటలు విని పొదుపు నేర్చుకున్నారని అనుకున్నాను. కోరాపుట్‌లో మాలాంటి మరో ఆసుపత్రి వాళ్ళు ఈ సంగతి విని నన్ను పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, రాయగడ మీదుగా బస్సులో ఘాట్ రోడ్డెక్కి వెళ్ళి, వాళ్ళ హాల్లో ప్రసంగించాను. సిగ్గు ఉన్నచోట దుబారా ఉండదని చెప్పాను. చప్పట్లు కొట్టారు. రాసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ వాక్యం తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఇక నా సంగతి. అందరికీ పొదుపు చెప్పే నేను పార్వతీపురం రోడ్డులో ఒక ప్లాటుకు దాచుకున్నదంతా కట్టాను. అమ్మినతను మాటకారి. కాగితాల మీద రంగురంగుల గీతలు, పార్కు, పిల్లల జారుడుబల్ల చూపించాడు. ఆ స్థలం ప్రభుత్వానిదని తర్వాత తేలింది. అమ్మినతను అప్పటికే ఊళ్ళో లేడు. అదే ఏడు నా భార్యకు విశాఖపట్నంలో ఆపరేషను చేయించాల్సి వచ్చింది.

“మీ పెట్టెలో అడగొచ్చు కదా?” అంది నా భార్య.

“అది లేనివాళ్ళకు.”

“మరి మనమేటి?”

 పెట్టెలో డబ్బుంది. తాళం నా జేబులో ఉంది. మొదటి శనివారం రెండు రోజుల దూరంలో ఉంది. నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి, మోసపోయానని ఆ హాల్లో చెప్పడం తప్ప ఇంకేదైనా చేయగలననిపించింది. ఆమె గాజులు రుమాల్లో చుట్టుకుని, బంగారం మీద అప్పిచ్చే ఒక షావుకారు దగ్గరికి వెళ్ళాను. గుణుపురం బజారులో ఆయనది హోల్‌సేలు కొట్టు. ముందు గుమ్మంలో తెలిసినవాళ్ళుంటారని వెనక గోదాము వైపు నుంచి వెళ్ళాను. అక్కడ కట్టేసిన కుక్క ఒకటి నన్ను చూసి గొంతు చించుకుంది.

“ఏటి గుమస్తా గారూ, ఇలాగొచ్చేరు?” అన్నాడు షావుకారు. “ముందర కుర్చీలేసున్నాయి కదా.”

“ఇటు పని ఉండి...”

“అందరూ ఇటు పనుండే వస్తారండి. మీ ఆస్పత్రోళ్ళయితే మరీని.”

మర్యాదకు నవ్వి గాజులు ఆయన ముందు పెట్టాను. ఆ మాటలో ఏముందో నాకు అప్పుడు తట్టలేదు. నా కష్టం తప్ప ఇంకేదీ కనబడని రోజు అది.

నెలనెలా వడ్డీ కడుతుండగానే, ఒక శనివారం రామనగుడ నుంచి వచ్చే నర్సు ఒకామె నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడింది. ముప్పై నిండలేదు. పురుళ్ళ వార్డులో పని. భర్త సరుకుల ఆటో నడుపుతాడు. ఆటో ఇంజను పోయింది, బాగు చేయించకపోతే ఇంట్లో ఒక్క జీతమే మిగులుతుంది. ఆమె ఆ మాట పూర్తి చేయకముందే మా అంబులెన్సు డ్రైవరు అందుకున్నాడు. ఎక్కడ నలుగురున్నా నవ్వించనిదే ఉండలేని మనిషి.

“అమ్మీ, మొన్ననే కదా కొత్త ఫోను కొన్నావు. దాన్నే ఇంజన్లో పెట్టీరాదా?”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, “బిల్లు ఏదైనా ఉందా అమ్మా?” అని అడిగాను.

“మెకానిక్కు కాయితం ఇవ్వడు సార్. నోటితోటే సెప్పేడు.”

“నోటి మాటకు ఇవ్వలేం కదా. రాయించుకుని వచ్చే నెల తీసుకురా.”

“సర్లెండి సార్” అని కూర్చుంది.

మా హాజరు ఫోనులో వేయాలని ఆ ఏడే నిబంధన పెట్టారు. ఆ ఫోను అందుకోసమే కొన్నదని, అదీ వాయిదాల మీదని నాకు తర్వాత తెలిసింది. వచ్చే నెల ఆమె లేవలేదు. పని జరిగిపోయిందనుకున్నాను. జరిగిపోయింది, ఆ ఫోనులోనే. బిల్లు అడగకుండా, నిలబడమనకుండా, కూర్చున్నచోటే అప్పిచ్చే యాప్ ఒకటి దొరికింది. దాని వాయిదా తీర్చడానికి ఇంకొకటి. దాని కోసం మరొకటి.

కొన్ని నెలలకు మా అందరి ఫోన్లూ మోగడం మొదలైంది. ఎక్కడెక్కడివో గొంతులు, హిందీలో బూతులు. ఆమె దొంగని, ఆమెతో మాకు పరిచయం ఉంది కాబట్టి మేమే కట్టాలని. ఆమె ఫొటో మీద చెడ్డ మాటలు రాసి అందరికీ పంపారు. డ్రైవరు ఒక్కడే వాళ్ళతో నిదానంగా మాట్లాడాడు. ఒడియా కలిసిన తన హిందీలో అడ్రసు అడిగి, ఫోను పెట్టేశాక మాకు చెప్పాడు: “గొంతు ఇంటే బీపీ బాగా ఉన్నట్టుంది. అంబులెన్సు పంపుతానన్నాను. ఎంత సెప్పినా అడ్రసు ఇవ్వడే.” ఈసారి ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

ఆమె డ్యూటీకి రావడం మానేసింది.

“ఫోను మోజు. కొన్నాళ్ళు సెలవులో ఉండడమే మంచిది” అన్నాను ఆఫీసులో. టీ తెచ్చిన పెద్దమ్మ గ్లాసు నా ముందు పెట్టకుండా చేత్తోనే పట్టుకుని నిలబడింది.

“మోజేటి బాబూ? ఆ పిల్ల నీ ముందర నిలబడింది కదా. నువ్వేటిచ్చేవు? నవ్వేవు.”

ఆ సాయంత్రమే పెద్దమ్మను స్కూటరు వెనక ఎక్కించుకుని రామనగుడ వెళ్ళాను. ఇంటి ముందు ఇంజను లేని ఆటో ఉంది. లోపల గిన్నెలు గోనెసంచిలో సర్ది మూతి కట్టి ఉన్నాయి. భర్త మమ్మల్ని చూసి బయటికి నడిచాడు. ఆమె చాప వేసింది.

“తిరుప్పూరులో తెలిసినోళ్ళున్నారు సార్. బట్టల ఫ్యాక్టరీ. వచ్చే వారం ఎల్లిపోతాం.”

“నర్సు చదువు చదివి బట్టలు కుడతావా?”

“కుట్టినా కూడొస్తాది. అక్కడ నా మొకం ఎవులికీ తెలీదు.”

“పెట్టెలో అడిగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదమ్మా.”

“అడిగేను కదా సార్” అంది.

పెద్దమ్మ గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నర్సు కోపంగా లేదు. రోగిని అడిగినట్టే నెమ్మదిగా అడిగింది:

“మీరెప్పుడైనా అక్కడ నిలబడ్డారా సార్? ఆ డ్రమ్ము పక్కన?”

అప్పుడు షావుకారు మాట గుర్తొచ్చింది. మీ ఆస్పత్రోళ్ళయితే మరీని. మా పెట్టె ఎందుకు నిండుగా ఉందో ఆ చాప మీద కూర్చుని ఉండగా అర్థమైంది. నేను ఆయన గోదాముకు వెళ్ళిన రోజున పెట్టెలోంచి రూపాయి కూడా కదలలేదు. అందరూ అలాగే చేశారు. ఆ నిండుదనాన్ని పట్టుకుని కోరాపుట్ దాకా వెళ్ళి చప్పట్లు కొట్టించుకున్నాను.

“శనివారం దాకా ఆగండి. ఒక్కసారి హాలుకు రా అమ్మా” అన్నాను.

“మళ్ళీ నిలబడమంటారా?”

“నువ్వు నిలబడక్కర్లేదు.”

ఆమె మూతి కట్టిన గోనెసంచి వైపు చూసింది.

శనివారం హాలు నిండింది. నేను లేచి నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిచాను. ఎప్పుడూ బల్ల వెనక కూర్చుని చూసిన చోటు. అక్కడ నిలబడితే అందరి కళ్ళూ ఒకేసారి మీద పడతాయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. రూలు పెట్టినవాణ్ణి ఆ సంగతి అన్నేళ్ళకు తెలుసుకున్నాను.

“నాకు సాయం కావాలి” అన్నాను.

ఏదో ప్రకటనకు మొదలనుకున్నారు. ప్లాటు సంగతి చెప్పాను. ఆపరేషను చెప్పాను. గాజులు విడిపించలేక వడ్డీలు కడుతున్నానని చెప్పాను. “పెట్టె తాళం నా జేబులోనే ఉంది. మీ ముందు నోరు తెరవలేక దొడ్డిదారిన షావుకారు దగ్గరికి పోయాను. మిమ్మల్ని ఇక్కడ నిలబెట్టినవాణ్ణి నేను ఇక్కడ నిలబడలేకపోయాను.”

ఎవరో దగ్గారు. కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డ్రైవరు మెడ గోక్కున్నాడు.

“ఏ సావుకారు సారూ? గోదాము ఎనకాల కుక్కని కట్టేసుంటాది, ఆయనేనా?”

“ఆయనే. నీకెలా తెలుసు?”

“అది నన్ను సూస్తే తోకాడిస్తాది సారూ.”

ఒక్క క్షణం ఆగి హాలంతా ఘొల్లుమంది. వెనక వరసలో ఒక ఆయా కొంగు అడ్డం పెట్టుకుని, “నన్నయితే లేచి కూడా సూడదు” అంది. ఇంకెవరో అది నల్లకుక్కా గోధుమరంగుదా అని వాదనకు దిగారు.  మా హాల్లో సగం మందికి ఆ కుక్క తెలుసు. నేను ఒక్కణ్ణే కొత్త.

నవ్వు ఆగాక పెద్దమ్మ గొంతు వినిపించింది. “అదంతా సరే గానీ, బిల్లేది బాబూ?”

“లేదు పెద్దమ్మా. మోసపోయినదానికి బిల్లు ఎవరిస్తారు?”

“మరి రూలు?”

 నేను పెట్టిన రూలు ప్రకారం నేను పోయి కూర్చోవాలి. అప్పుడు గుమ్మం దగ్గర ఒక చెయ్యి లేచింది. ఆ నర్సు ఎప్పుడొచ్చి నిలబడిందో నేను చూడలేదు.

“బిల్లు నేకపోయినా నిజమే సెప్తన్నారు. ఇచ్చీయండి” అంది.

ఆమె చెయ్యి చూసి మిగతా చేతులు లేచాయి. నేను ఆమెకు ఇవ్వనిదాన్ని ఆమె నాకు ఇప్పించింది, అదీ తనకేమీ అందకముందే. నా ఉద్యోగ జీవితంలో చాలా సంతకాలు చేశాను, చాలా జీతాలు పంచాను. నేను గర్వంగా చెప్పుకునేది ఆ ఒక్క చెయ్యి గురించే, అది నాది కాకపోయినా.

నా గాజులు ఆగుతాయి, ముందు ఆమె సంగతి చూడాలన్నాను. ఎవరూ కాదనలేదు. డ్రైవరు, నేను ఆమెతో కలిసి పోలీసు స్టేషనుకు వెళ్ళి ఆ ఫోన్ల మీద ఫిర్యాదు ఇచ్చాం. నిజంగా తీసుకున్న అసలంతా పెట్టెలోంచీ బ్యాంకులోంచీ తీసి కట్టేశాం. పెట్టె మొదటిసారి అడుగంటింది. ఆమె సోమవారం డ్యూటీకి వచ్చింది. గోనెసంచి విప్పిందో లేదో అడగలేదు.

మెస్సులో డ్రైవరు ఆమె ఎదుట కూర్చుని, “అమ్మీ, ఆ ఫోను మాట నేను అననట్టే అనుకో” అన్నాడు.

“అన్నావు కదన్నా. ఇంజను మాత్రం నువ్వే పెట్టించాల” అంది అన్నం కలుపుకుంటూ.

పెట్టించాడు. అతనికి తెలిసిన మెకానిక్కు ఒకడున్నాడు, వాడూ కాగితం ఇవ్వలేదు.

తర్వాతి నెలలో నిలబడే పద్ధతి తీసేశాం. ముగ్గురిని ఎన్నుకున్నాం. కావలసినవాళ్ళు ఆ ముగ్గురిలో తమకు నచ్చినవాళ్ళ పక్కన కూర్చుని చెబుతారు. ఆ మాట అక్కడే ఉండిపోతుంది. ఇద్దరు మమ్మల్ని మోసం చేశారు. వాళ్ళలో ఒకరు మళ్ళీ మోటారుసైకిలే కొన్నారు. పెట్టె తట్టుకుంది, నా భార్య గాజులు కూడా దానితోనే విడిపించుకున్నాను. తాళం ఇప్పుడు ఆ నర్సు దగ్గర ఉంది, పురుళ్ళ వార్డు కూడా ఆమె చేతిలోనే ఉంది. కొత్తగా చేరినవాళ్ళను కూర్చోబెట్టి ఆమే చెబుతుంది: జీతంలో పిడికెడు ముందే తీసి పక్కన పెట్టండి, ఏం కొన్నా ఇంట్లో చెప్పి కొనండి, ఇబ్బంది చిన్నగా ఉన్నప్పుడే నోరు తెరవండి. నా పాతికేళ్ళ ప్రసంగాల కంటే అది చిన్నది. జనం వింటున్నారు కూడా. పెట్టె ఇప్పుడు ఎన్నడూ నిండదు. ఆ మాట ఆమె గర్వంగా చెబుతుంది. నేనూ అలాగే వింటాను.

కాబట్టి పిల్లలూ, స్థాపించింది పెద్దమ్మ. గట్టెక్కింది మేమిద్దరం, ఆమె, నేను. వీడ్కోలు మర్నాడు ఆ శాలువా తీసుకెళ్ళి పెద్దమ్మకు కప్పబోతే, “ఈ ఎండలో నాకు సాలువేటి బాబూ” అని విసుక్కుంది. పుచ్చుకుంది మాత్రం. మొన్న వెళ్ళి చూస్తే బియ్యం డబ్బా మీద మడతపెట్టి ఉంది.

ఒక పని మిగిలిపోయింది. కోరాపుట్‌లో ఇంకా నిలబెడుతున్నారని ఆ నర్సే చెప్పింది. వాళ్ళ పెట్టె బాగా నిండుగా ఉందట. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోలేక, నడుముకు పట్టీ కట్టుకుని మళ్ళీ ఘాటెక్కాను. అదే హాల్లో ప్లాటు, గాజులు, కుక్క, ఏదీ దాచకుండా చెప్పాను. కుక్క దగ్గర నవ్వారు. ఏవైనా అడుగుతారా అంటే ఎవరూ అడగలేదు. వచ్చిన పని కాలేదనుకుని బయట వరండాలో బెంచీ మీద కూర్చుని బస్సు కోసం చూస్తున్నాను.

నా వయసువాడే, మందుల స్టోరులో పనిచేసే ఒకతను వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు.

“మా ఊరి సావుకారుకి కుక్క నేదు సార్” అన్నాడు మెల్లగా. “ఎనక గేటు మాత్రం గట్టిగా సప్పుడవుతాది.”

నేను అతని ముఖంలోకి చూడలేదు. కొండల వైపు తిరిగి, బెంచీ మీద కాస్త పక్కకు జరిగాను. అతను కూర్చున్నాడు.